పంచమినాడు సెల్లార్లో నీరుకట్టె

ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను పాముల గురించి పాఠం చెప్పాను. నారాయణగూడలో ఒక కాలేజీ, రెండో అంతస్తులో జువాలజీ ల్యాబు, గోడవారన ఒక బీరువా, దాన్నిండా గాజు సీసాలు. ఒక్కో సీసాలో ఒక్కో పాము చుట్ట చుట్టుకుని ఫార్మలిన్‌లో తేలుతుండేది. నేను చేరేనాటికే అవి పాతబడిపోయాయి. రంగులన్నీ కరిగిపోయి నాగుపామూ, కట్లపామూ, నీరుకట్టే అన్నీ ఉడికించిన సేమ్యా రంగులోకి దిగాయి. సీసా మీద చీటీ ఊడిపోతే లోపలున్నది ఎవరో నేనూ చెప్పలేకపోయేదాన్ని.

ఆ సీసాలు ముందు పెట్టుకుని విషమున్న పాముల్నీ లేని పాముల్నీ ఎలా గుర్తుపట్టాలో ఏటా నేర్పేదాన్ని. తోక బల్లపరుపుగా ఉంటే సముద్రపు పాము, విషం. తోక గుండ్రంగా ఉంటే పొట్ట పొలుసులు చూడాలి. అవి వెడల్పుగా ఉంటే తల మీద పొలుసులు చూడాలి. అక్కడా తేలకపోతే పై పెదవి మీద మూడో పొలుసు కంటినీ ముక్కునీ తాకుతోందేమో చూడాలి. తాకితే నాగుపాము. పరీక్షలో పిల్లలు ఇదంతా పొల్లుపోకుండా రాసేవారు, నేను మార్కులు వేసేదాన్ని. పాము పెదవి మీద మూడో పొలుసు చూడాలంటే ముందు దాన్ని చేత్తో పట్టుకోవాలనీ, పట్టుకున్నాక మన సందేహం అదే తీరుస్తుందనీ ఏ బ్యాచిలోనూ ఎవరూ అనలేదు. నాకూ తట్టలేదు. బతికున్న పాముని దగ్గర్నుంచి చూసింది రిటైరయ్యాక, మా సెల్లార్లో, ఒక నాగుల పంచమినాడు.

మా ఇల్లు చిక్కడపల్లి నుంచి అశోక్ నగర్‌కి దిగే వాలులో ఉంది. మామగారు కోస్తా నుంచి ఉద్యోగం మీద వచ్చి, ఇక్కడ చౌకగా వస్తోందని మురుగునీటి నాలాకి దగ్గర్లో స్థలం కొన్నారు. ఎందుకు చౌకగా వచ్చిందో ప్రతి వానాకాలం మాకు తెలిసివస్తుంది. పాత డాబా తీసేసి నాలుగంతస్తులు లేపినప్పుడు కింద బళ్ళు పెట్టుకోవడానికి సెల్లార్ తవ్వించాం. బళ్ళ కంటే ఎక్కువగా నీళ్ళే పార్క్ అవుతాయి అందులో. కింద మేముంటాం. పై అంతస్తులన్నీ పోటీ పరీక్షలకి చదువుకునే ఆడపిల్లలకి కిరాయికిచ్చాం.

మేమంటే అప్పట్లో నేనూ, మా అత్తగారూ. ఆ వారం మావారు ఊళ్ళో లేరు. ఉన్నా పాముల విషయంలో ఆయన వల్ల ఒరిగేదేమీ లేదు, బల్లిని చూస్తేనే మంచమెక్కి కూచునే మనిషి. అత్తగారు మాత్రం దేనికీ బెదరరు. ఎనభై దాటినా చెవులూ నోరూ రెండూ చక్కగా పనిచేస్తాయి. పాము అనే మాట ఆవిడ ఎన్నడూ అనరు. పురుగు అనో, మరీ భక్తి కలిగితే సుబ్బారాయుడు అనో అంటారు. నేను పాముల సీసాలు ముట్టుకుని వచ్చేదాన్నని, సర్వీసంతా సాయంత్రం స్నానం చేశాకే వంటింట్లోకి రానిచ్చారు.

రెండో అంతస్తులో ఇద్దరమ్మాయిలుండేవారు. ఒకమ్మాయిది ఆదిలాబాద్ వైపు. అటవీశాఖలో బీట్ ఆఫీసర్ ఉద్యోగానికి రాత పరీక్ష గట్టెక్కింది, ఇక నడక పరీక్ష ఒక్కటే మిగిలింది. అడవిలో తిరగాల్సిన ఉద్యోగం కదా, ఇచ్చిన టైములోపల ఇంత దూరమని నడిచి చూపించాలి. ఏళ్ళ తరబడి ఒకటి రెండు మార్కుల్లో ఉద్యోగాలు పోగొట్టుకున్న పిల్ల. ఈసారి తెల్లారకముందే లేచి ఇందిరా పార్క్ చుట్టూ తిరుగుతూనే ఉండేది. కోఠిలో బేరమాడి కొనుక్కున్న బూట్లు తప్ప వేరే ధ్యాస లేదు. అవి ఎప్పుడు తడిసినా సెల్లార్లో చెప్పుల స్టాండు మీద ఆరబెట్టేది. రెండో అమ్మాయి నల్లగొండ వైపు నుంచి వచ్చింది, గ్రూప్స్‌కి చదువుతోంది. ప్రపంచంలో ఏ సంగతైనా ఆమెకి నాలుగు ఆప్షన్లలాగే కనిపిస్తుంది. టీలో పంచదార వెయ్యాలా వద్దా అన్నా పై రెండూ అనే రకం.

ఆ పంచమి ముందురోజు సాయంత్రం మొదలైన వాన తెల్లారినా తగ్గలేదు. నాలా పొంగింది. సెల్లార్లో మోకాలి లోతు నీళ్ళు. నేను మోటారు పెట్టి తోడేవాడికి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాను. వాడు ప్రతిసారీ నారాయణగూడ చౌరస్తాలోనే ఉన్నానంటున్నాడు. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆ సమయంలో నడక అమ్మాయి మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతిలో ఒక్క బూటు ఉంది.

"మేడమ్, సెల్లార్ల పాము ఉన్నది. ఎవ్వరు దిగకుండ్రి," అంది.

ఆ మాట చెప్పి పైకి వెళ్ళబోయింది. వెనకాలే దిగివచ్చిన గ్రూప్స్ అమ్మాయి ఆమె కాలివంక చూసి, "ఏందే అది, నెత్తురు?" అంది. అప్పుడు చూశాను. చీలమండ పక్కన సన్నగా రక్తం కారుతోంది.

"ఏం కాలే. స్టాండుకు గీరుకుంది."

మా స్టాండు ప్లాస్టిక్‌ది. ల్యాబులో అబద్ధపు రీడింగులు రాసే పిల్లల్ని ఏళ్ళ తరబడి పట్టుకున్నదాన్ని నేను. "ఇలా రా" అన్నాను. రాలేదు. నేనే వెళ్ళి చూశాను. ఒక వంపులో సన్నటి పళ్ళ గాట్లు, పిన్నీసుతో వరసగా గీరినట్టు. నీళ్ళలో దేని మీదో కాలేశాననీ, మెత్తగా కదిలిందనీ, కరిచిందనీ అప్పుడు చెప్పింది. ఒక బూటు అందుకుని పైకొచ్చేసింది. రెండోది అక్కడే ఉండిపోయింది.

"పద ఆసుపత్రికి."

"వద్దు మేడమ్. దవాఖానకు పోతే అడ్మిట్ చేస్తరు. ఎల్లుండి పొద్దున నాది నడక. తప్పితే మళ్ల రాదు. మా అమ్మకు చెప్పిన, ఈసారి తప్పకుంట వస్తదని." అంటూనే రెండడుగులు అటూ ఇటూ వేసి చూపించింది. "చూడుండ్రి, మంచిగనే నడుస్తున్న."

నాకు కోపం వస్తే కాలేజీలో మూడు గదుల అవతలి దాకా వినపడేదట. ఆ గొంతు మళ్ళీ ఆ రోజు లేచింది. "నడవకు. ఒక్క అడుగు వెయ్యకు. కాలు కదిపితే విషం తొందరగా ఎక్కుతుంది, తెలుసా? కూచో అక్కడ," అన్నాను. ఆ అరుపుకి ఆ పిల్లే కాదు, గ్రూప్స్ అమ్మాయి కూడా కూచుంది. నడక అమ్మాయిని అత్తగారి పడక్కుర్చీలో కూచోబెట్టి కాలు కదలకుండా తలగడల మధ్య ఉంచాం. గట్టిగా కట్టు కట్టాలని ఎవరో మెట్ల మీద నుంచి అన్నారు, కడితే రక్తం ఆగి కాలికే ముప్పని వాళ్ళనీ తిట్టాను. ఆటో కోసం ఫోన్లో బుక్ చేస్తే అది కూడా చౌరస్తాలోనే ఉంది.

ఆటో వచ్చేలోపు పామేదో ఒకసారి చూసి పెట్టుకుంటే డాక్టరుకి చెప్పొచ్చని నేనూ గ్రూప్స్ అమ్మాయీ సెల్లార్ దిగే వాలు దగ్గరికి వెళ్ళాం. నీళ్ళలోకి దిగలేదు, పైనుంచే చూశాం. స్టాండు పై అరలో మిగిలిన ఆ ఒక్క బూటు చుట్టూ చుట్టుకుని ఉంది అది. మమ్మల్ని చూడగానే తల పైకెత్తింది, మెడ వెడల్పు చేసింది, బుస్సుమంది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. సీసాలో పాము ఒక్కటి కూడా నన్ను చూసి బుస్సుమనలేదు మరి.

మా వెనకాల అప్పటికే అత్తగారొచ్చి నిలబడ్డారు, చేతిలో పాలగిన్నె, పసుపు. "పడగ విప్పాడు. సాక్షాత్తూ సుబ్బారాయుడు," అని చెంపలేసుకున్నారు. వెంటనే అనుమానం వచ్చింది ఆవిడకి. "ఇప్పుడేవిటి ఈయన రావడం? చవితి కార్తీకంలో కదా. చలిమిడి లేదు, చిమ్మిలి లేదు. మూడు నెలలు ముందొచ్చాడేవిటి?"

"మాకు ఇయ్యాలనే పండుగ అమ్మమ్మ. శ్రావణ పంచమి," అంది గ్రూప్స్ అమ్మాయి. "నేను పొద్దుగాల గుడికాడ పుట్టల పాలు పోసి వచ్చిన. అయినా మా దోస్తును కరిచింది."

"నువ్వు పోసింది పుట్టలో ఉన్నాయనకి. ఈయన నాలాలోంచి వచ్చాడు. ఈయనకేం తెలుసు?"

ఒకవైపు కాలు కరిపించుకున్న పిల్ల కుర్చీలో ఉంది, ఇంకోవైపు వీళ్ళు తిథి తేలుస్తున్నారు. పక్కింటి వాళ్ళు అప్పటికే కర్రలు తెచ్చారు. అత్తగారు వాలుకి అడ్డంగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూచుని, "ఈ పిల్లలకి ఇవాళ పండగట. పండగపూట ఎవరి మీదా చెయ్యెత్తకూడదు. పొండి," అన్నారు. కార్తీకంలో చవితి చేసుకునే మనిషి అలా ఒక్క నిమిషంలో శ్రావణానికి మారిపోయింది. ఆవిడ పట్టుదలలన్నీ విసుగుగా భరించిన నాకు ఆ క్షణంలో మాత్రం ఆవిణ్ణి కావలించుకోవాలనిపించింది.

గ్రూప్స్ అమ్మాయి ఫోన్ చాపి వీడియో తీస్తూ, పామేదో తేల్చే పని మొదలుపెట్టింది. "మేడమ్, కోచింగ్ల చెప్పిండ్రు. కంటిపాప నిలువు గీతలెక్క ఉంటె విషం, గుండ్రంగ ఉంటె విషం లేదు. దీనిది గుండ్రంగ ఉన్నది."

"నాగుపాముకీ గుండ్రంగానే ఉంటుంది. కట్లపాముకీ అంతే. ఆ లెక్కన మన దేశంలో సగం విషసర్పాలు సాధుజంతువులే. ఎవరు చెప్పారో ఆయన్ని నా దగ్గరికి పంపు."

"సరె, ఎలిమినేషన్ చేద్దాం. సముద్రపు పాము కాదు, హైదరాబాద్ల సముద్రం లేదు. రక్తపింజర కాదు, అది మెడ ఇట్ల వెడల్పు చెయ్యదు. కట్లపాము కూడ చెయ్యదు. ఇగ మిగిలినయి రెండు, నాగుపాము, నీరుకట్టె." వీడియో ఆపకుండానే, "ఫిఫ్టీ ఫిఫ్టీ మేడమ్. నెగెటివ్ మార్కులు లేకుంటె ఏదో ఒకటి పెట్టేయొచ్చు," అంది.

"ఇక్కడ ఉన్నాయమ్మా నెగెటివ్ మార్కులు," అన్నాను. కానీ ఆ పిల్ల ఎలిమినేషన్‌లో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. అక్కడే ఆగిపోయాం ఇద్దరం. మూడో పొలుసు చూద్దామని నేననలేదు.

ఆటో వచ్చింది. నడక అమ్మాయిని కుర్చీలోనే ఆటో దాకా మోసుకెళ్ళి ఎక్కించాం. మోస్తుంటే సిగ్గుతో మొహం కప్పుకుంది. "ఫారెస్ట్ ఉద్యోగానికి పోయేదాన్ని కుర్చీల మోస్తున్రు," అని గొణిగింది. కోఠి వైపు పెద్దాసుపత్రికి పోనిమ్మన్నాను. ఎక్కడికక్కడ నీళ్ళు, ఆటో నత్తలా పోతోంది. ఆ పిల్ల ఏడవలేదు. తన కాలివంక చూసుకుంటూ కూచుంది, అది తనది కాదన్నట్టు, ఎవరో అప్పగించి వెళ్ళినట్టు. ఆ చూపు చూసి నా కోపమంతా ఎటో పోయింది. ఆ పిల్ల చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను.

ఇంకో చేత్తో గ్రూప్స్ అమ్మాయి ఫోన్ తీసుకుని, వీడియో ఆపి, పెద్దది చేసి చూడడం మొదలుపెట్టాను. కళ్ళజోడు పైకీ కిందికీ జరుపుకుని, ఊగే ఆటోలో, ఇన్నేళ్ళూ సీసాలో చూడనిదంతా చూశాను. ఎంత బావుందో ఆ పాము. ఒళ్ళంతా ఆకుపచ్చ కలిసిన పసుపు, దాని మీద నల్లటి గళ్ళు, అచ్చం గళ్ళ లుంగీ. మెడ వెడల్పు చేసిందే కానీ అది నాగుపాము పడగ కాదు, ఊరికే గుండెలు పొంగించి బెదిరించే మనిషిలాంటి వెడల్పు. వీడియోలో ఒకచోట అది అటు తిరిగింది, మెడ వెనక నాగుపాముకుండే కళ్ళజోడు గుర్తు లేదు. ఇటు తిరిగినప్పుడు కంటి కింద నుంచి పెదవి దాకా ఏటవాలుగా రెండు నల్లటి గీతలు కనిపించాయి. కాటుక పెట్టుకుని ఏడిస్తే కారినట్టున్నాయి. ఆ గీతల గురించి నేను ఎన్నోసార్లు చదివాను, పాఠంలో చెప్పాను కూడా. సీసాలో వాటి జాడే లేదు.

"నీరుకట్టె," అన్నాను. "ఇది నీరుకట్టె. కరుస్తుంది, గట్టిగానే కరుస్తుంది. విషం లేదు."

గ్రూప్స్ అమ్మాయి ఆటోలోనే చప్పట్లు కొట్టింది. నడక అమ్మాయి మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. "అయితే వాపస్ పోదాం మేడమ్," అంది.

"పోం."

"ఎందుకు? మీరే చెప్పిండ్రు కదా."

"నేను సీసాల్లో పాములకి టీచర్ని తల్లీ. బతికున్న పాముని ఇవాళే చూశాను, దాని గీతలైతే ఫోన్లోనే. పైగా ఆ నీళ్ళలో ఉన్నది ఒక్కటే అని నీకెవరు చెప్పారు? నిన్ను కరిచిందీ, స్టాండెక్కిందీ ఒకటే అని ఎవరు చూశారు? నేను చెప్పింది నిజమైతే డాక్టరు కూడా అదే చెప్తాడు. తప్పైతే నువ్వుండాలి కదా నన్ను తిట్టడానికి."

ఆ పిల్ల మళ్ళీ తన కాలివంక చూసుకుంది. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

ఆసుపత్రిలో డాక్టరు కుర్రాడు, మా కాలేజీ పిల్లల వయసే ఉంటుంది. వీడియో చూపించాను, గళ్ళూ గీతలూ వివరించాను. శ్రద్ధగానే విన్నాడు. "చాలా బాగా చెప్పారు మేడమ్. కానీ నేను వైద్యం చేసేది మనిషికి, ఫోటోకి కాదు," అన్నాడు. అలాంటి మాట నా క్లాసులో ఎవరైనా అనుంటే పూర్తి మార్కులు వేసేదాన్ని. కాలు చుట్టూ ఎర్రదనం ఎంతవరకుందో చూసి నీలం పెన్నుతో గీత గీశాడు. వాపు ఆ గీత దాటుతోందేమో గంటగంటకీ చూస్తామన్నాడు. ఒక గాజు గొట్టంలో రక్తం తీసి, కదపకుండా పక్కన నిలబెట్టాడు. గడ్డకడితే మంచిది, నీళ్ళలా ఉండిపోతే రక్తపింజరలాంటిది కరిచినట్టు.

జీవితంలో ఎన్ని గొట్టాలు చూశానో, ఆ గొట్టాన్ని చూసినట్టు దేన్నీ చూడలేదు. ముగ్గురం దానివంకే చూస్తూ కూచున్నాం. కనురెప్పలు వాలుతున్నాయేమో, మాట ముద్దగా వస్తోందేమో చూడాలని నర్సు చెప్పింది కాబట్టి గ్రూప్స్ అమ్మాయి ఆగకుండా ప్రశ్నలడుగుతోంది. రాష్ట్ర జంతువేది, రాష్ట్ర పక్షి ఏది, అడవుల శాతం ఎక్కువున్న జిల్లా ఏది. నడక అమ్మాయి అన్నిటికీ ఠకఠకా చెప్తోంది. పక్క మంచం దగ్గరున్న పెద్దాయన కూడా రెండింటికి జవాబు చెప్పాడు. డాక్టరు వచ్చి గొట్టం వంచి చూశాడు. గడ్డ కదల్లేదు, అలాగే నిలబడింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నల్లెర్రటి గడ్డ ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను.

"రేపటిదాకా ఉంచుకుని చూసి పంపిస్తాం. ఎల్లుండి నడవొచ్చా అంటే, ఇలాగే ఉంటే నడవొచ్చు," అన్నాడు డాక్టరు. ధనుర్వాతం రాకుండా ఇంజెక్షన్ ఇచ్చి వెళ్ళాడు. నడక అమ్మాయి తువ్వాలు మొహం మీద కప్పుకుని అప్పుడు ఏడ్చింది, మనసారా. గ్రూప్స్ అమ్మాయి ఆమె దగ్గర ఉండిపోయింది. నేను సాయంత్రానికి ఇల్లు చేరాను.

అత్తగారు ఇంకా ఆ ప్లాస్టిక్ కుర్చీలోనే ఉన్నారు. మోటారు వాడు ఎట్టకేలకి వచ్చి నీళ్ళు తోడేశాడు. సెల్లార్ ఖాళీగా, బురదగా ఉంది. పాలగిన్నె వాలు మీద అలాగే ఉంది, చుట్టూ చీమలు.

"పిల్ల ఎలా ఉంది?" అన్నారు ముందు. బాగుందన్నాను. ఆవిడ దణ్ణం పెట్టుకున్నారు. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మాయ్, ఆయన సుబ్బారాయుడు కాడు," అన్నారు.

నాకు కుతూహలం ఆగలేదు. "గళ్ళు చూశారా? కంటి కింద గీతలు చూశారా?"

"గీతలెవరు చూశారు. పాలు ముట్టలేదు. అది సరే అనుకున్నాను. నా కళ్ళెదురుగా కప్పని పట్టుకుని మింగాడు. పండగపూట, పసుపు పక్కనే ఉండగా. తర్వాత తూములోంచి నాలాలోకి పోయాడు, వెనక్కి కూడా చూళ్ళేదు. సుబ్బారాయుడైతే ఇలాంటి పని చేస్తాడా?"

నాగుపామూ కప్పల్ని తింటుంది అత్తయ్యా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. నేను కంటి కింద గీతలు చూశాను, గ్రూప్స్ అమ్మాయి ఆప్షన్లు కొట్టేసింది, అత్తగారు ఆచారం చూశారు. ఎవరి దారిన వెళ్ళినా చివరికి తేలిన జవాబు ఒకటే, ఇక దిద్దడం దేనికి? కుర్చీ చెయ్యి మీద నడక అమ్మాయి రెండో బూటు ఆరబెట్టి ఉంది. పాము చుట్టుకున్న బూటుని అత్తగారు స్వయంగా స్టాండు మీంచి తీయించి, కుళాయి కింద కడిగించారు. కడగడమైతే కడిగించారు కానీ తను మాత్రం ముట్టుకోలేదట.

ఎల్లుండికి ఆ బూట్లు ఆరాలి. ఎండ లేదు. పై అంతస్తుల్లో పిల్లలంతా పాత కరెంట్ అఫైర్స్ పత్రికలు పట్టుకొచ్చారు. కాగితాలు చింపి ఉండలు చుట్టి బూట్లలో కుక్కి, తడి పీల్చాక తీసి, మళ్ళీ కొత్తవి కుక్కాం. మర్నాడు మధ్యాహ్నం నడక అమ్మాయి ఆసుపత్రి నుంచి వచ్చేసరికి హాలంతా పోయినేటి ఒప్పందాలూ, అవార్డులూ ఉండలై దొర్లుతున్నాయి. ఆ పిల్ల బూట్లు చేతిలోకి తీసుకుని ఒక్కో దాన్ని లోపల తడిమి చూసింది. "పొడిగున్నయి," అంది. ఎన్నాళ్ళయిందో ఆ ఇంట్లో అంతమంది ఒకేసారి నవ్వి.

నడక రోజు తెల్లవారుతుంటే నేనూ వెంట వెళ్ళాను. ఊరి బయట అడవి అంచున మట్టి రోడ్డు, వాన తెరిపిచ్చింది, మబ్బుగా ఉంది. అమ్మాయిలంతా నంబర్లు కట్టుకుని వరసగా నిలబడ్డారు. ఈల వేశారు, వెళ్ళిపోయారు. ఇక చెయ్యడానికేమీ లేదు. నాలాగే వచ్చిన తల్లులూ అన్నదమ్ములూ చెట్ల కింద కూచున్నారు. నేను కూచోలేకపోయాను. ఎవరైనా కుంటుతూ కనిపిస్తే చాలు, మాదే అనుకుని ముందుకు పరిగెత్తేదాన్ని. ఒకావిడ జాలిపడి, "మీ బిడ్డనా అక్కా?" అంది. అవునన్నాను. అబద్ధమనిపించలేదు.

టైము దగ్గర పడుతుండగా మలుపులో కనిపించింది. ఒళ్ళంతా బురద. తల వంచుకుని, చేతులు ఊపుకుంటూ, పెళ్ళికి ఆలస్యమైనట్టు నడుస్తోంది. కుంటడం లేదు. నేను అరిచాను, ఏమని అరిచానో గుర్తులేదు. చివర సున్నపు గీత దాటి, నాలుగడుగులు వేసి, నేల మీద చతికిలబడి బూటు విప్పింది. సాక్సు కిందికి లాగింది. నీలం పెన్ను గీత ఇంకా ఉంది, చెమటకి కొంచెం చెదిరి. రెండుసార్లు స్నానం చేసినా అక్కడ సబ్బు పెట్టలేదట.

"చూడుండ్రి మేడమ్. వాపు లేదు," అంది.

నేను కూడా బురదలోనే కూచున్నాను. సంచిలోంచి డబ్బా తీశాను. అత్తగారు ముందురాత్రి నువ్వులు దంచి, బెల్లం కలిపి చిమ్మిలి ఉండలు చేసి పంపారు. కార్తీకంలో తప్ప ఎన్నడూ చెయ్యని మనిషి. ఆ పిల్ల ఒకటి నోట్లో పెట్టుకుని, నమిలి, ఇంకోటి తీసుకుంది. అంత సంతోషంగా నేనెప్పుడైనా ఉన్నానా అంటే చెప్పలేను.

ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు ఆ పిల్ల అడవి జిల్లాలోనే ఎక్కడో పనిచేస్తోంది. గ్రూప్స్ అమ్మాయి ఇంకా మా ఇంట్లోనే ఉంది, ఆప్షన్లు కొట్టేస్తూనే ఉంది. బీట్ ఆఫీసరమ్మ నుంచి వారానికో పాము ఫోటో వస్తుంది, ఇదేంది మేడమ్ అని. నువ్వే చెప్పు, నన్నడక్కు అని రాస్తాను. మొదట్లో తప్పులు చెప్పేది, ఇప్పుడు తగ్గాయి. ఒకసారి జెర్రిపోతు విషయంలో నన్నే దిద్దింది, రెండ్రోజులు నాకు కోపం తగ్గలేదు.

పోయిన కార్తీకంలో చవితినాడు పొద్దున్నే, అత్తగారు చలిమిడి కలుపుతుండగా ఒక ఫోటో వచ్చింది. ఏదో చెరువుకట్ట. నీళ్ళ అంచున తల ఎత్తిన పాము. ఈసారి ప్రశ్న లేదు. "నీళ్ళల్ల ఉన్నదని ఊరోళ్ళు నీరుకట్టె అన్నరు మేడమ్. కాదు. గళ్ళు లేవు, పడగ వెనక కళ్ళజోడు ఉన్నది. కొట్టనియ్యలే. అందర్ని దూరం జరిపిన. పాములు పట్టేటోళ్ళు వస్తున్రు," అని రాసింది.

అత్తగారికి చూపించాను. చేతులు పిండితో ఉన్నా జోడించారు. "ఈయన అసలాయన. తిథి చూసుకుని వచ్చాడు," అన్నారు.

నేను ఫోటోని పెద్దది చేసి చూశాను. ఎంత పెద్దది చేసినా పాము గోరంతే ఉంది. కళ్ళజోడు కనీకనిపించకుండా ఉంది. అంత దూరంలో నిలబడి తీసింది ఆ పిల్ల. ఆ ఫోటోలో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ దూరమే.